పదార్థం లోపలి లోకం – 9: జంట కణాల వేటలో అరవై ఏళ్లు

గత భాగంలో ఢాకా నుంచి బయలుదేరి బౌల్డర్ దాకా వచ్చాం. 1924 జూన్‌లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపడం, ఆయన దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించడం, ఆ లెక్కను వాయువులకు అన్వయించి ఒక కొత్త జోస్యం చెప్పడం చూశాం. బోసాన్ జాతి కణాలను బాగా చల్లబరిచి, బాగా దగ్గరకు చేర్చితే, అవి ఎవరి దారి వారిదన్నట్టు తిరగడం మాని ఒకే క్వాంటమ్ స్థితిలోకి వచ్చి చేరతాయన్నది ఆ జోస్యం. ఆ స్థితికి బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అని పేరు. 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ రుబీడియం వాయువుతో దాన్ని సాధించి చూపించారు. అందుకు వారు దిగవలసి వచ్చిన చలి 170 నానోకెల్విన్లు. అంటే పరమశూన్యానికి ఒక డిగ్రీలో యాభై లక్షలో వంతు కూడా ఎడం లేదు.

అదే జోస్యాన్ని ఘనపదార్థంలో నిజం చేయాలని పూనుకున్నవాళ్ల కథ ఈ వారం చెప్పుకుందాం. బౌల్డర్ వాయువు కన్నా ముప్పై ఏళ్ల ముందే ఈ వేట మొదలైంది. అంత చలి అక్కర్లేదని, రెండు మూడు కెల్విన్లు చాలని లెక్కలు ఊరించాయి. అయినా సందేహానికి తావులేని సాక్ష్యం కోసం 1962 నుంచి 2022 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఈ వేటలో చలి కన్నా పెద్ద శత్రువు మరొకటి ఉంది. అది ఆయుష్షు. వీళ్లు వెంటాడిన కణం పుట్టీ పుట్టగానే పోతుంది.

లెనిన్‌గ్రాడ్‌వాసి ఊహ

ఆ కణం పేరు ఎక్సైటాన్. దాన్ని ముందుగా ఊహించినవారు యాకొవ్ ఫ్రెంకెల్. 1894లో రోస్తోవ్‌లో పుట్టి, లెనిన్‌గ్రాడ్‌లో అబ్రామ్ యోఫే నడిపిన భౌతిక సాంకేతిక సంస్థలో పనిచేసిన సిద్ధాంతవేత్త. 1930-31లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అతిథి ఆచార్యుడిగా ఉన్నప్పుడు ఆయన ఒక మామూలు ప్రశ్న వేసుకున్నారు. స్ఫటికం మీద కాంతి పడితే అది వేడెక్కుతుంది. కాంతి వేడిగా మారే ఆ దారిలో మధ్య మజిలీ ఏమిటి?

కరెంటును పారనివ్వని స్ఫటికాలు కూడా కాంతిని పీల్చుకుంటాయి. పీల్చుకున్నాక కూడా వాటిలో కరెంటు పారదు. అంటే కాంతి ఇచ్చిన శక్తి లోపల ఎక్కడికో వెళుతోంది, కానీ ఆవేశాన్ని మోసుకుపోవడం లేదు. ఒక పరమాణువు పొందిన ఉద్రేకం పక్క పరమాణువుకు, అక్కడి నుంచి ఆ పక్కదానికి, ఇలా అలలాగా స్ఫటికమంతా తిరుగుతుందని ఫ్రెంకెల్ 1931లో ఫిజికల్ రివ్యూ పత్రికలో ప్రతిపాదించారు. 1936లో దానికి ఎక్సైటాన్ అని పేరు పెట్టారు.

ఆ ఊహను సెమీకండక్టర్లకు పనికివచ్చేలా పెద్దది చేసినవారు ఇద్దరు. ఒకరు గ్రెగరీ వానియే, 1937లో. మరొకరు నెవిల్ మాట్, 1938లో. వాళ్లు చూపిన బొమ్మ ఇది. సెమీకండక్టర్ మీద కాంతి పడినప్పుడు, బంధంలో ఇరుక్కుని ఉన్న ఒక ఎలక్ట్రాన్ శక్తి పుంజుకుని పై మెట్టుకు లేస్తుంది. అది వదిలి వెళ్లిన ఖాళీని రంధ్రం అంటారు. చుట్టుపక్కల ఎలక్ట్రాన్లు వరసగా ఆ ఖాళీలోకి జరుగుతుంటే ఖాళీయే కదులుతున్నట్టు ఉంటుంది. అందువల్ల రంధ్రాన్ని ధనావేశం గల కణంగానే లెక్క కట్టవచ్చు. లేచిన ఎలక్ట్రాన్‌ది రుణావేశం, రంధ్రానిది ధనావేశం. రెండూ ఆకర్షించుకుని, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ స్ఫటికంలో జంటగా ప్రయాణం చేస్తే అదే ఎక్సైటాన్.

చూడబోతే ఇది అచ్చం హైడ్రోజన్ పరమాణువే. ప్రోటాన్ ఉండవలసిన చోట రంధ్రం ఉందంతే. కాకపోతే ఈ జంట చుట్టూ స్ఫటికంలోని లెక్కలేనన్ని పరమాణువులు ఉంటాయి. అవి మధ్యలో అడ్డుపడి ఆకర్షణను పలచన చేస్తాయి. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్‌ను విడదీయాలంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. కుప్రస్ ఆక్సైడ్‌లోని జంటను విడదీయడానికి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో ఏడో వంతు చాలు. గాలియం ఆర్సెనైడ్‌లో అయితే వెయ్యింటికి నాలుగు వంతులే. బంధం వదులైన కొద్దీ జంట వెడల్పవుతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో ఎక్సైటాన్ వ్యాసార్ధం పది నానోమీటర్లకు పైమాటే. ఆ మేరలో వేల పరమాణువులు ఇమిడిపోతాయి.

పసుపు కాంతిలో దొరికిన ఆనవాళ్లు

ఊహ పుట్టిన ఇరవై ఏళ్లకు కానీ దానికి సాక్ష్యం దొరకలేదు. దొరికిన చోటు మళ్లీ లెనిన్‌గ్రాడే. 1951లో యెవ్‌గేనీ గ్రాస్, ఆయనతో పనిచేస్తున్న కార్రియేవ్ కుప్రస్ ఆక్సైడ్‌ను పరీక్షకు పెట్టారు. రాగి, ఆక్సిజన్ కలిసిన ఎర్రటి పదార్థమది. సిలికాన్ యుగానికి ముందు ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్లలో దాన్నే వాడేవారు. ప్రకృతిలో దొరికే దాని ఖనిజ రూపం పేరు కుప్రైట్.

వాళ్లు చేసిన పనిని కొంచెం దగ్గరగా చూద్దాం. స్ఫటికాన్ని పలచని పలకగా చేసి, బాగా చల్లబరిచి, దాని గుండా తెల్లని కాంతిని పంపారు. అవతలి వైపు వచ్చిన కాంతిని రంగులుగా విడదీసి ఫొటో తీశారు. ఎరుపు యథాతథంగా వచ్చింది. పసుపు ప్రాంతానికి వచ్చేసరికి కాంతి అక్కడక్కడా తెగిపోయి సన్నని గీతలు కనిపించాయి. మొదటి గీతకూ రెండోదానికీ ఎడం ఎక్కువ. తరవాతి గీతలు ఒకదానికొకటి దగ్గరవుతూ చివరికి ఒక అంచు దగ్గర గుమిగూడాయి. ఆ అంచు నుంచి ఒక్కొక్క గీతకు ఉన్న దూరాన్ని శక్తి కొలతల్లో వేసి చూస్తే అవి 1/4, 1/9, 1/16, 1/25 నిష్పత్తిలో ఉన్నాయి.

ఇది హైడ్రోజన్ పరమాణువుకు 1913లో నీల్స్ బోర్ రాసిన సూత్రమే. ఒక ఘనపదార్థం నడిబొడ్డున, కిక్కిరిసిన పరమాణువుల మధ్య, హైడ్రోజన్ లాంటి జంట స్వేచ్ఛగా తిరుగుతోందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన సంతకం మరొకటి ఉండదు. అదే కాలంలో జపాన్‌లో హయాషి, కత్సుకి కూడా ఇదే స్ఫటికంలో గీతలు చూశారు. లెనిన్‌గ్రాడ్ జంట వ్యాసం అచ్చయింది 1952లో. ఫ్రెంకెల్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు.

1962: ఊరించిన లెక్క

ఎలక్ట్రాన్ ఫెర్మియాన్ జాతిది. రంధ్రమూ అంతే. ఫెర్మియాన్లు రెండు ఒకే స్థితిలో ఉండలేవు. కానీ రెండు ఫెర్మియాన్లు జంట కడితే ఆ జంట బోసాన్‌లా నడుచుకుంటుంది. అలాంటప్పుడు బోస్, ఐన్‌స్టీన్‌ల సూత్రం ఎక్సైటాన్లకు ఎందుకు వర్తించదు? 1962లో ఈ ప్రశ్నను ఎవరికి వారే వేసుకున్నవాళ్లు సోవియట్ మాల్దావియాలోని కిషినేవ్‌లో మోస్కాలెంకో, ఇటు బ్లాట్, బ్యోర్, బ్రాండ్ట్ అనే ముగ్గురు. నాలుగు తలలూ ఒకే మాట చెప్పాయి. వర్తిస్తుంది, అదీ అందుబాటులో ఉన్న చలిలోనే.

కారణం బరువు. ప్రతి క్వాంటమ్ కణానికీ ఒక తరంగదైర్ఘ్యం ఉంటుంది. కణం ఎంత తేలికైతే, ఎంత చల్లగా ఉంటే, ఆ అల అంత పొడవు. పక్క కణాల అలలు ఒకదాని మీదికి ఒకటి పరుచుకున్నప్పుడు కండెన్సేట్ ఏర్పడుతుంది. రుబీడియం పరమాణువు ఎలక్ట్రాన్ కన్నా సుమారు లక్షా అరవై వేల రెట్లు బరువు. కుప్రస్ ఆక్సైడ్‌లోని ఎక్సైటాన్ మూడు రెట్లు కూడా లేదు. ఘన సెంటీమీటరులో ఒకటి పక్కన 17 సున్నాలు పెట్టినన్ని జంటలను పోగుచేయగలిగితే, రెండు కెల్విన్ల దగ్గరే అవి ఒకటైపోవాలి. ద్రవ హీలియం ఉన్న ఏ ప్రయోగశాలకైనా అది చేతికందే చలి.

ఒకటవడం అంటే ఏమిటో కోలాటం చూసినవారికి సులువుగా బోధపడుతుంది. తిరునాళ్లలో వంద జంటలు ఎవరి తాళానికి వారు కర్రలు కొడుతుంటే వినిపించేది గలాటా. అన్ని కర్రలూ ఒకే దెబ్బకు పలికితే ఊరి చివరిదాకా ఒకే శబ్దం వెళుతుంది. ఎక్సైటాన్ల విషయంలో ముందు నిలబడి తాళం వేసే గురువు ఎవరూ ఉండరు. ఆ తాళాన్ని జంటలే తమంతట తాము ఎంచుకోవాలి. ఈ షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తరవాతి వివాదాలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

ఇక అసలు చిక్కు. లేచిన ఎలక్ట్రాన్ ఏ క్షణాన్నైనా తిరిగి రంధ్రంలో పడిపోవచ్చు. పడితే జంట మాయం. దాని శక్తి చిన్న మెరుపుగా బయటికి పోతుంది. గాలియం ఆర్సెనైడ్ లాంటి సెమీకండక్టర్‌లో ఇదంతా ఒక నానోసెకను అటూఇటూగా, అంటే సెకనులో వందకోట్లో వంతులో ముగిసిపోతుంది. పుట్టినప్పుడు వేడిగా ఉన్న జంట, స్ఫటికానికి తన వేడిని ఇచ్చుకుని చల్లబడటానికీ సమయం కావాలి కదా! చల్లబడేలోగానే చచ్చిపోతే ఏకమయ్యేది ఎప్పుడు?

ఇంకో ముడి కూడా ఉంది. ఎక్సైటాన్ గురించి మనకు తెలిసేది చాలావరకు అది పోతూ పోతూ వదిలే ఆ మెరుపు ద్వారానే. ఎక్కువ కాలం బతికే ఎక్సైటాన్ కావాలంటే మెరవని ఎక్సైటాన్‌ను ఎంచుకోవాలి. మెరవకపోతే అది కనిపించదు. బతకాలి, కనిపించాలి అనే ఈ రెండు కోరికలు ఒకదానికొకటి అడ్డం. ఈ అరవై ఏళ్ల చరిత్ర అంతా ఈ ముడిని ఒక్కో తరం ఒక్కో విధంగా విప్పబోయిన చరిత్రే.

దారి మళ్లించిన బొట్టు

మాస్కోలోని లెబెదేవ్ సంస్థలో లియోనిద్ కెల్దిష్ ఈ సమస్య మీద లోతుగా పనిచేశారు. 1968లో కొజ్లోవ్‌తో కలిసి ఎక్సైటాన్ల సామూహిక ధర్మాల మీద రాసిన వ్యాసం ఈ రంగానికి పునాదిరాయి. ఆ ఏడాదే మాస్కోలో జరిగిన అంతర్జాతీయ సెమీకండక్టర్ సమావేశంలో ఆయన ఒక హెచ్చరిక లాంటి జోస్యం చెప్పారు. జెర్మేనియం, సిలికాన్ లాంటి పదార్థాల్లో జంటలు దట్టంగా చేరితే కండెన్సేట్ కాకుండా, ఆవిరి నీరైనట్టు ద్రవపు బొట్లు కావచ్చని. ఆ బొట్టులో ఏ ఎలక్ట్రాన్ ఏ రంధ్రానిదో చెప్పడం కుదరదు. జంటలు విడిపోయి అంతా ఒకే ద్రవమైపోతుంది. బోస్ జోస్యానికి ఇది పక్కదారి.

ఏడాది రెండేళ్లలోనే సోవియట్ ప్రయోగశాలల్లో ఆ బొట్ల ఆనవాళ్లు దొరికాయి. 1975లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కార్సన్ జెఫ్రీస్ బృందం ఏకంగా ఒక బొట్టుకు ఫొటో తీసింది. జెర్మేనియం స్ఫటికాన్ని ఒక పక్క నొక్కి, లోపల శక్తి తక్కువగా ఉండే గుంట చేశారు. చుట్టూ ఉన్న జంటలన్నీ ఆ గుంటలోకి జారి, మిల్లీమీటరులో కొన్ని పదో వంతుల మేర పెద్ద బొట్టుగా నిలిచి, పరారుణ కాంతితో వెలిగాయి. ఆ బృందంలో జేమ్స్ వోల్ఫ్ అనే యువకుడున్నారు. స్ఫటికాన్ని నొక్కి గుంట చేసే ఆ ఉపాయాన్నీ, ఆ యువకుణ్నీ గుర్తుంచుకోండి.

గెలిచామన్నవారే కాదన్నారు

కండెన్సేట్ కోరేవాళ్లు మళ్లీ కుప్రస్ ఆక్సైడ్ వైపు చూశారు. దానికి రెండు సుగుణాలున్నాయి. బొట్టు కట్టే గుణం లేదు. పైగా అందులో ఒక రకం ఎక్సైటాన్‌కు కాంతిని వదిలి చనిపోయే దారి దాదాపు మూసి ఉంది. క్వాంటమ్ నియమాల ప్రకారం పై మెట్టు నుంచి కింది మెట్టుకు నేరుగా దిగడం నిషిద్ధం. పారా ఎక్సైటాన్ అనే ఈ రకం వందల నానోసెకన్లు, మేలైన స్ఫటికాల్లో మైక్రోసెకన్లు బతుకుతుంది. ఎక్సైటాన్ లోకంలో అది నిండు నూరేళ్లు.

1980ల నుంచి ఆంద్రే మిసిరోవిచ్, ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి వచ్చిన వోల్ఫ్, ఆయన శిష్యుడు డేవిడ్ స్నోక్ ఈ స్ఫటికం మీద లేజర్ కుమ్మరించి, బయటికి వచ్చే మందమైన కాంతిని కొలిచారు. ఆ కాంతి వర్ణపటం ఆకారం బోస్ సూత్రానికి చక్కగా సరిపోయింది. సాంద్రత పెంచిన కొద్దీ కండెన్సేట్ అంచుకు చేరుతున్నట్టు కనిపించింది. 1990లో, 1993లో కండెన్సేట్‌కు ఆధారాలు దొరికాయని వ్యాసాలు వెలువడ్డాయి. బౌల్డర్ వాయువు ఇంకా రాలేదు. ఆ రోజుల్లో ఇదెంత పెద్ద వార్తో ఊహించుకోవచ్చు.

అయితే వాళ్లు సాంద్రతను నేరుగా కొలవలేదు. వర్ణపటం ఆకారాన్ని చూసి లెక్కగట్టారు. ఆ లెక్కలో బోస్ సూత్రం ముందే ఇమిడి ఉంది. వోల్ఫ్‌కు ఇది సరిపోలేదు. 1999 నాటికి ఆయన బృందమే బయటికి వచ్చే కాంతి కణాలను లెక్కపెట్టి అసలు సాంద్రతను కొలిచింది. కావలసిన దానికన్నా అది ఎన్నో రెట్లు తక్కువని తేలింది. రెండు జంటలు ఢీకొంటే ఒకటి చనిపోయి, తన శక్తినంతా రెండోదానికి ఇచ్చి దాన్ని విపరీతంగా వేడెక్కిస్తోంది. ఎన్ని జంటలను పోస్తే అన్ని ఢీలు, అంత వేడి. కండెన్సేట్ వచ్చే దారే లేదు.

పదిహేనేళ్లు కష్టపడి నిలబెట్టిన ఫలితాన్ని అదే చేత్తో పడగొట్టడం ఎవరికీ తేలిక కాదు. ఎక్సైటాన్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. ఆ కొలతే లేకపోతే తరవాతివాళ్లు తప్పుడు పునాది మీద ఇల్లు కడుతూ పోయేవారు. ఢీకొని చనిపోవడమే అసలు శత్రువని తెలిసింది కాబట్టే, తక్కువ జంటలతో మరింత చలిలోకి దిగాలన్న దారి తెరుచుకుంది.

అటొక పొర, ఇటొక పొర

ఈలోగా మరో ఆలోచన వేరే చోట పెరిగింది. 1970ల మధ్యలో మాస్కోలో లొజోవిక్, యుద్‌సన్ ఇలా ప్రతిపాదించారు. ఎలక్ట్రాన్‌నూ రంధ్రాన్నీ వేర్వేరు పొరల్లో ఉంచితే సరి. మధ్యలో గోడ ఉన్నా ఆకర్షణ పనిచేస్తూనే ఉంటుంది, జంట కడతాయి. కానీ ఒకదానిలో ఒకటి పడటం కష్టం. పైగా ఇలాంటి జంటలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బొట్టు కట్టవు.

కాగితం మీది ఈ ఉపాయం చేతికి రావాలంటే పరమాణువుల వరసలను ఒకదాని మీద ఒకటి పేర్చే నేర్పు కావాలి. అది వచ్చాక, 8 నానోమీటర్ల మందం గల రెండు గాలియం ఆర్సెనైడ్ పొరలను, మధ్యలో 4 నానోమీటర్ల గోడతో కట్టగలిగారు. విద్యుత్ క్షేత్రం పెట్టి ఎలక్ట్రాన్లను ఒక పొరలోకి, రంధ్రాలను మరో పొరలోకి లాగారు. నానోసెకను ఆయుష్షు మైక్రోసెకన్ల దాకా పెరిగింది.

2002 ఆగస్టులో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి లియోనిద్ బుతోవ్ బృందానిది. రెండోది, అప్పటికి పిట్స్‌బర్గ్ చేరిన స్నోక్ బృందానిది. నమూనా నడుమ సూదిమొన లాంటి లేజర్ చుక్క వేస్తే, దాని చుట్టూ చీకటి, చాలా దూరంలో ఒక వెలిగే వలయం కనిపించాయి. చలిని ఇంకా పెంచినప్పుడు బుతోవ్ చూసిన బయటి వలయం ముక్కలై, సమాన దూరాల్లో నిలిచిన కాంతి చుక్కలుగా మారింది. పొర అంతటా ఎక్సైటాన్లు ఏదో క్రమానికి లోబడినట్టే ఉంది. కండెన్సేట్ ఇదేనా అని ప్రపంచమంతా అడిగింది.

రెండేళ్లలో ఆ రెండు బృందాలే జవాబు చెప్పాయి. వలయం ఏర్పడటానికి కారణం కండెన్సేట్ కాదు. నడుమ నుంచి రంధ్రాలు బయటికి, చుట్టూ నుంచి ఎలక్ట్రాన్లు లోపలికి వస్తూ కలుసుకునే సరిహద్దు అది. అక్కడే కొత్త జంటలు కట్టి మెరుస్తున్నాయి. అయితే ఆ సరిహద్దు దగ్గర పుట్టే జంటలు లేజర్ వేడికి దూరంగా చల్లగా ఉన్నాయన్న సంగతి బుతోవ్ వదల్లేదు. 2012లో కాలిఫోర్నియా శాండియాగో నుంచి ఆయన బృందం అక్కడి కాంతిని రెండు పాయలుగా చీల్చి మళ్లీ కలిపి చూసింది. కొన్ని మైక్రాన్ల ఎడంలో ఉన్న జంటలు కూడా ఒకే తాళంలో ఉన్నాయని, ఆ తాళం లేజర్ అరువిచ్చింది కాదని తేలింది.

రెండు పొరల ఆలోచన మరో రెండు చోట్ల ఫలించింది. కాల్‌టెక్‌లో జిమ్ ఐసెన్‌స్టీన్ బృందం బలమైన అయస్కాంత క్షేత్రంలో రెండు పొరల్లోనూ ఎలక్ట్రాన్లే ఉంచి, ఒక పొరలోని ఎలక్ట్రాన్‌కు రెండో పొరలోని ఖాళీతో జంట కట్టించింది. 2000 నుంచి 2004 దాకా వచ్చిన ఆ ఫలితాల్లో జంటలకు చావే లేదు, ఎందుకంటే అక్కడ తిరిగి పడిపోవలసిన కింది మెట్టే లేదు. 2019లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జీ షాన్, కిన్ ఫాయ్ మాక్ బృందం పరమాణువంత మందం గల మాలిబ్డినం డైసెలెనైడ్, టంగ్‌స్టన్ డైసెలెనైడ్ పొరలను జతచేసి, దాదాపు 100 కెల్విన్ల దాకా కండెన్సేట్ ఆనవాళ్లు చూసింది. అంటే మైనస్ 173 డిగ్రీల సెల్సియస్. ద్రవ నైట్రోజన్‌తో అందుకోగల చలి.

కాంతితో పొత్తు

మూడో తరం ఆయుష్షు పెంచే ప్రయత్నమే మానేసింది. బరువు తగ్గిస్తే చాలుననుకుంది. 1992లో టోక్యోలో క్లోద్ వైస్‌బుష్, యసుహికో అరకావా బృందం రెండు అద్దాల మధ్య సెమీకండక్టర్ పొరను ఉంచింది. అద్దాల మధ్య చిక్కిన కాంతికీ ఎక్సైటాన్‌కూ ఎడతెగని ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. కాంతి ఎక్సైటాన్‌గా, ఎక్సైటాన్ మళ్లీ కాంతిగా మారుతూ, చివరికి రెండూ కలిసిన కొత్త కణం నిలుస్తుంది. దాని పేరు పాలరిటాన్. సగం కాంతి కాబట్టి దాని బరువు ఎలక్ట్రాన్ బరువులో సుమారు పదివేలో వంతు. అంత తేలిక కణానికి తరంగదైర్ఘ్యం చాలా పొడవు. తక్కువ చలిలోనే, తక్కువ సాంద్రతలోనే అలలు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి.

2006లో గ్రెనోబుల్, లొజాన్ నగరాల శాస్త్రవేత్తలు కలిసి కాడ్మియం టెల్యురైడ్ నమూనాలో, సుమారు 19 కెల్విన్ల దగ్గర పాలరిటాన్ కండెన్సేట్‌ను నేచర్‌లో ప్రకటించారు. వ్యాస ప్రథమ రచయిత యాత్సెక్ కాస్ప్షాక్. మరుసటి ఏడాది స్నోక్ బృందం పాలరిటాన్లకూ గుంట చేసి, అందులో అవి చేరి కండెన్సేట్ కావడం చూపించింది. నమూనాను ఒక సన్నని మొనతో నొక్కడమే ఆ గుంట చేసే పద్ధతి. బర్క్‌లీ బొట్టు కోసం పుట్టిన ఉపాయం గురువు నుంచి శిష్యుడికి ఇలా చేరింది. 2009లో పారిస్‌లో పాలరిటాన్లు దారిలోని లోపాన్ని తాకి కూడా చెదరకుండా, సూపర్‌ఫ్లూయిడ్‌లా పారడం చూశారు. 2014లో జూరిక్ ఐబీఎం ప్రయోగశాల ఒక పాలిమర్ పొరలో మామూలు గది ఉష్ణోగ్రతలోనే పాలరిటాన్ కండెన్సేట్‌ను సాధించింది.

కానీ విమర్శకులు ఊరుకోలేదు. పాలరిటాన్ కొన్ని పికోసెకన్లే బతుకుతుంది, స్థిమితపడే వ్యవధి దానికి ఎక్కడిది, ఇది కండెన్సేటా లేక కొత్త రకం లేజరా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. స్నోక్ బృందం అద్దాలను మెరుగుపరిచి ఆయుష్షును వందల పికోసెకన్లకు పెంచి, 2017లో పూర్తిగా స్థిమితపడిన కండెన్సేట్‌ను చూపించి జవాబు చెప్పింది. ఆయుష్షు ప్రశ్న నుంచి తప్పించుకున్నామనుకున్నవాళ్లు కూడా చివరికి ఆయుష్షు పెంచే నెగ్గారు.

చీకటిలో బతికి ఉన్నవాటిని చూడటం

ఇంత జరిగినా 1962 నాటి మొదటి మాట అలాగే మిగిలింది. పొరలు కాదు, అద్దాలు కాదు, కాంతితో పొత్తు కాదు. మామూలు ముద్ద స్ఫటికంలో అచ్చమైన ఎక్సైటాన్లు కండెన్సేట్ కావాలి. దాన్ని పట్టుకుని కూర్చున్నవారు టోక్యో విశ్వవిద్యాలయంలోని మకోతో గొనొకామి, కొసుకె యొషియొక బృందం. వాళ్లు ఎంచుకున్నదీ కుప్రస్ ఆక్సైడే. స్ఫటికాన్ని నొక్కి గుంట చేసే ఉపాయమూ పాతదే. కొత్తగా చేర్చినవి రెండు.

మొదటిది చలి. జంటలు ఢీకొని చనిపోతాయి కాబట్టి వాటిని తక్కువగా పోయాలి. తక్కువ పోస్తే కండెన్సేట్ ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. కాబట్టి రెండు కెల్విన్ల ఆశ వదులుకుని సబ్‌కెల్విన్‌లోకి దిగాలి. 2011లో 0.8 కెల్విన్ల దగ్గర వాళ్లకు కండెన్సేట్ పుట్టిన సూచనలు కనిపించాయి. కానీ పుట్టిన వెంటనే అక్కడ జంటలు కిక్కిరిసి, ఢీకొని, వేడెక్కి గుంట నుంచి ఎగిసిపడ్డాయి. అప్పుడు డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌తో మరింత కిందికి, 400 మిల్లీకెల్విన్ల దిగువకు దిగారు.

రెండోది చూపు. పారా ఎక్సైటాన్ మెరవదు కదా, మరి చూసేదెలా? వాళ్లు చనిపోయే జంట వదిలే కాంతి కోసం ఎదురుచూడలేదు. బతికి ఉన్న జంటల మీదికే కాంతిని పంపారు. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ మొదటి కక్ష్య నుంచి రెండో కక్ష్యకు ఎక్కినట్టే, ఎక్సైటాన్‌లోనూ ఎక్కుతుంది. అందుకు కావలసిన కాంతి కళ్లకు కనిపించని మధ్య పరారుణం, తరంగదైర్ఘ్యం పది మైక్రాన్ల చుట్టూ. ఆ కాంతిని స్ఫటికం గుండా పంపితే జంటలున్న చోట అది మింగబడుతుంది, అవతల నీడ పడుతుంది. ఆ నీడే ఎక్సైటాన్ మేఘం బొమ్మ. గ్రాస్, కార్రియేవ్‌లు ఎక్సైటాన్ హైడ్రోజన్ లాంటిదని గీతలతో రుజువు చేశారు. డెబ్భై ఏళ్ల తరవాత ఆ హైడ్రోజన్ గుణమే దాన్ని చూసే కన్నయింది.

మేఘం పరచుకుని ఉంది. లేజర్ బలం పెంచుతూ పోయారు. ఒక హద్దు దాటగానే గుంట అడుగున చిన్న, దట్టమైన మచ్చ వేరుగా తేలింది. జంటలు కింది స్థితిలోకి కుప్పగా చేరుతున్నాయి. 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఆ బొమ్మలు అచ్చయ్యాయి. మొత్తం జంటల్లో కండెన్సేట్‌లోకి చేరినవి నూటికి రెండు పాళ్లు కూడా లేవు. ఆదర్శ వాయువు లెక్క చెప్పే దానికన్నా ఇది బాగా తక్కువ. ఎందుకింత తక్కువో విడమరచడం ఇప్పుడు ఆ రంగానికి కొత్త పని.

ఈ అరవై ఏళ్లలో గెలిచిన ప్రతి ప్రయోగం వెనక ఒక ఓడిన ప్రయోగం ఉంది. జెర్మేనియం బొట్టు కండెన్సేట్ కాకపోయినా గుంట చేయడం నేర్పింది. 1990ల ఫలితం నిలవకపోయినా సాంద్రతను నేరుగా కొలవాలని నేర్పింది. వలయాలు వేరే కారణంతో ఏర్పడినా చల్లని జంటలు ఎక్కడ దొరుకుతాయో చూపించాయి. తమ ఫలితాన్ని తామే పరీక్షకు నిలబెట్టి, నిలవనప్పుడు నిలవలేదని అచ్చులో చెప్పినవాళ్లు ఉన్నందువల్లే ఒక తరం ఆగిన చోటు నుంచి తరవాతి తరం నడవగలిగింది. సెకనులో లక్షో వంతు కూడా బతకని కణం కోసం మూడు తరాల మనుషులు ఒకరి చేతి నుంచి ఒకరు పనిని అందుకున్నారు.

వచ్చే వారం: ఎక్సైటాన్ ఎంత పెద్దది కాగలదు? నమీబియాలోని త్సుమెబ్ గనిలో దొరికిన కుప్రైట్ స్ఫటికంలో, జర్మనీలోని డోర్ట్‌మండ్ శాస్త్రవేత్తలు 2014లో 25వ కక్ష్య దాకా ఎక్కించిన, రెండు మైక్రాన్లకు పైగా వెడల్పున్న భారీ ఎక్సైటాన్ల కథ.